సంతకాల రిజిస్టరు

హేమ కూర్చున్న కుర్చీని సెక్యూరిటీ గార్డు వెనక నుంచి లాగేశాడు.

బల్ల అంచు పట్టుకుని పడకుండా నిలదొక్కుకుంది ఆ అమ్మాయి. పుస్తకం కింద పడింది. మే నెల, సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. నేను అయిదడుగుల దూరంలో ఉన్నాను. చూశాను. ఒక్క మాట అనలేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుని తర్వాతిది చెబుతాను.

నా పేరు శైలజ. జంషెడ్‌పూర్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఏడేళ్లు కౌంటరు దగ్గర పనిచేశాను. పర్మనెంటు కాదు. ఏటేటా కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకునే ఉద్యోగం. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి టాటానగర్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేరాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే.

కింది అంతస్తులో రీడింగ్ హాలు. నూట ఎనభై కుర్చీలు. పొద్దున్న ఎనిమిదింటికి నేను తాళం తీసేసరికి మెట్ల మీద ముప్పై నలభై మంది ఉండేవాళ్లు. నది అవతల మాంగో బస్తీలో ఒంటిగది ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు. నైట్ డ్యూటీ చేసొచ్చిన తండ్రి పగలంతా నిద్రపోతుంటే, ఆ గదిలో గిన్నె చప్పుడు చేయడానిక్కూడా భయపడే పిల్లలు. పోట్కా అవతల సంతాలీ ఆదివాసుల పల్లె నుంచి రెండు బండ్లు మారి వచ్చే బలరామ్ ముర్ము లాంటివాళ్లు. వాళ్లకి దొరికిన నిశ్శబ్దం, ఫ్యాను, చల్లటి మంచినీళ్లు ఆ హాలే. పరీక్షలు గురువారం మొదలవుతాయి. ఒక్క కుర్చీ ఖాళీ లేదు.

ఆ సోమవారం తలుపుకి నోటీసు అంటించారు. హాలుని పోటీ పరీక్షల శిక్షణ కేంద్రం కోసం గౌరీశంకర్ అనే కాంట్రాక్టరుకి అప్పగించారట. ఏసీ గదులు కడతాడట. ఆయన కేంద్రంలో చేరినవాళ్లకే ప్రవేశం. మిగతా విద్యార్థులకి పైన స్టోర్‌రూములో ఇరవై కుర్చీలు వేస్తారట.

గౌరీశంకర్ మావాడే. వాళ్ల నాన్నా మా తాతా ఒకే గ్యాంగులో సమ్మెట పట్టారు. ఇప్పుడు యూనివర్సిటీలో కాపలా ఆయనదే, చీపురు ఆయనదే, మోత ఆయనదే. తెలుగువాళ్ల ఉత్సవాల్లో ముందు వరసలో కూర్చుంటాడు. 'మన పిల్లలు పైకి రావాలి' అని మైకులో చెబుతాడు.

గార్డు కుర్చీ లాగిన తర్వాత హేమ కింద పడిన పుస్తకం తీసి నిలబడే చదవడం మొదలుపెట్టింది. అప్పుడే తలకి తువ్వాళ్లు చుట్టుకున్న ఎనిమిది మంది కూలీలు లోపలికొచ్చారు. ముందున్న మనిషి ఆగిపోయాడు. అతను బంగార్రాజు. హేమ తండ్రి.

ఎక్కడికి పనికెళ్తున్నామో కూలీలకి చెప్పరు. ట్రక్కు ఎక్కించి, దిగినచోట పని చూపిస్తారు.

"జరగమ్మా," అన్నాడు బంగార్రాజు, గొంతు తగ్గించి.

"పాపా, మై నహీ హటూంగీ," అంది హేమ, కదలనని తండ్రికి హిందీలోనే చెబుతూ. "గురువారం ఎగ్జామ్."

"నాను కూలోణ్ణి తల్లీ. బల్ల ఎత్తకపోతే రేపటి నుంచి పన్నేదు. పక్కకి తప్పుకో."

హాలంతా చూస్తోంది. హేమ తప్పుకుంది. పుస్తకం చంకలో పెట్టుకుని గోడకి ఆనుకుంది. తండ్రి కూతురి ముఖం చూడకుండా బల్లకి ఒక పక్క చెయ్యి వేశాడు. మధ్యాహ్నానికి సగం బల్లలు సైకిల్ స్టాండు వెనక ఎండలో పోగుపడ్డాయి.

*

విద్యార్థులు మెట్ల మీద చేరారు. రెండొందల మందికి తక్కువ ఉండరు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"వైస్‌చాన్సలర్‌కి వినతిపత్రం ఇద్దాం," అన్నాడు మోహిత్. విద్యార్థి సంఘం కార్యదర్శి. మంచివాడే, నలుగురితో తగువు పడనివాడు.

"మూడు ఇచ్చాం," అన్నాడు బలరామ్. "నీళ్లకి ఒకటి, అమ్మాయిల మరుగుదొడ్డికి ఒకటి, పోయిన నెల ఈ హాలు గురించే ఒకటి. ఏ బీరువాలో పెట్టారో కనుక్కో ముందు."

"అయితే ఏం చేస్తావ్? రాళ్లు విసురుతావా?"

"రాళ్లెందుకు? కూర్చుంటా. కూర్చోవడానికేగా వచ్చాను."

రిజిస్ట్రారు తనే బయటికొచ్చాడు. చేతిలో కాగితం. "ఇదిగో సర్వే రిపోర్టు. రోజుకి ముప్పై మంది కూడా ఈ హాలు వాడటం లేదు. ఖాళీగా ఉన్న జాగాని ఉపయోగంలోకి తెస్తున్నాం. గొడవ దేనికి?"

 మెట్ల మీదున్న రెండొందల మందికీ, వాళ్లు లేరని వాళ్ల ముఖం మీదే చెబుతున్నాడు.

"లోపలికొచ్చేటప్పుడు రోజూ సంతకం పెడుతున్నాం. ఆ రిజిస్టరు తెప్పించండి," అన్నాడు బలరామ్.

"పాత రిజిస్టర్లకి చెదలు పట్టింది. పారేశారు." రిజిస్ట్రారు నా వైపు తిరిగాడు. "కదా శైలజా?"

రిజిస్టర్లు పదకొండు నా కౌంటరు కింది అరలో ఉన్నాయి. వరసగా, తేదీలతో.

"నాకు తెలీదు సార్," అన్నాను.

హేమ నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

గంట తర్వాత రిజిస్ట్రారు పిలిపించాడు. "ఆ పుస్తకాలన్నీ రేపు పదింటికి నా గదికి చేరాలి. వచ్చే నెల నీ కాగితం రెన్యువల్ కదూ?" అన్నాడు. 

*

సాయంకాలం ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. ఆటో ఎక్కి సువర్ణరేఖ వంతెన దాటి, మాంగోలో బంగార్రాజు ఉండే బస్తీలో దిగాను. ఇంటి ముందు సందులో కూలీలు నలుగురు, బంగార్రాజు, అతని భార్య జోగమ్మ ఉన్నారు. హేమ గడప మీద కూర్చుంది. ఆ అమ్మాయి పిలిస్తే బలరామ్ కూడా వచ్చాడు. తండ్రి బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు. కూతురితో మాటల్లేవు.

"సదువుకున్నోళ్ల గొడవ మనకేటి?" అంటున్నాడు వరహాలు అనే కూలీ. "రేపు ఈళ్లే ఆఫీసర్లయి మనల్నే ఒరే అంటారు. సూళ్లేదేటి ఇన్నాళ్లూ?"

బలరామ్‌కి తెలుగు సగం అర్థమవుతుంది. హిందీలో జవాబు చెప్పాడు. "అంటారు. మా ఊళ్లోనూ ఒకడు చదివి పెద్దవాడయ్యాడు. తిరిగొచ్చి మా పొలం కాగితాల మీద మాతోనే వేలిముద్రలు వేయించాడు. నేనలా తయారైతే నా కాలరు పట్టుకో చాచా. కానీ ఆ హాలు పోతే నేను ఏదీ కాను. వచ్చే ఏడు నీ పక్కన బల్ల మోస్తుంటాను."

"బల్ల మొయ్యడం తప్పేటి?" వరహాలు గయ్‌మన్నాడు.

"తప్పని ఎవడన్నాడు?"

"ఆగండెహె!" అంది జోగమ్మ. చేతిలో చాటని నేలకేసి కొట్టింది. "తప్పు మొయ్యడం కాదు. మోసినోడు నేడనడం తప్పు. అప్పలసూరి బావ కాలు ఇరిగినప్పుడేటన్నాడు ఆ గౌరీశంకర్ బాబు? సెప్పండి, ఈ అబ్బాయికి కూడా సెప్పండి."

 ఆమే చెప్పింది. మూడు నెలల క్రితం అదే యూనివర్సిటీలో ఇనప బీరువా దింపుతుంటే అప్పలసూరి మెట్ల మీద నుంచి జారాడు. బీరువా కాలి మీద పడింది. ఆసుపత్రికి తీసుకెళ్లిన కూలీలతో గౌరీశంకర్ తన మేస్త్రీ చేత చెప్పించాడట: ఈ పేరుగలవాడు మా దగ్గర పనిచేయడం లేదు, కావాలంటే హాజరు పట్టీ చూసుకోండి. హాజరు పట్టీలో నిజంగానే పేరు లేదు. ఒక్క కూలీ పేరూ లేదు. అప్పలసూరి మూడిళ్ల అవతల మంచం మీద ఉన్నాడు. కాలు వంకరగా అతుక్కుంది.

"పదారేళ్లు మోసేడు," అంది జోగమ్మ. "నేడంట! ఆ మడిసే నేడంట!"

 పొద్దున మెట్ల మీద రిజిస్ట్రారు చదివిన కాగితం, ఈ హాజరు పట్టీ ఒకే చేత్తో రాసినవి. ఉన్న మనిషిని లేడని రాసేస్తే, వాడి కాలుకి జవాబు చెప్పనక్కర్లేదు, వాడి కుర్చీకీ జవాబు చెప్పనక్కర్లేదు.

"రిజిస్టర్లకి చెదలు పట్టలేదు," అన్నాను. "నా దగ్గరే ఉన్నాయి."

అందరూ తిరిగి చూశారు.

"మరి పొద్దున ఎందుకు చెప్పలేదు దీదీ?" హేమ అడిగింది.

"భయమేసింది."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ వేస్తోంది."

బలరామ్ నవ్వలేదు. "రేపు పదింటి లోపల ఆ పేజీలు అందరూ చూడాలి," అన్నాడు. "మేం ఎనిమిదింటికే వచ్చి కూర్చుంటాం. లేవం."

అందరం బంగార్రాజు వైపు చూశాం. అతను బీడీ నేలకి నులిమాడు. "నాను పనికెల్తాను," అన్నాడు. "ఎల్లకపోతే ఇంకో ఎనమండుగురిని దింపుతాడు. ఆళ్లకి నా గుంట ఈ హేమ ఎవురో తెల్దు."  లేచి లోపలికి వెళ్లిపోయాడు. అతని మనసులో ఏముందో కూతురికి కూడా తెలియదు.

*

మంగళవారం ఎనిమిదింటికి తాళం తీశాను. తొంభై కుర్చీలు మిగిలాయి. మూడొందల మంది వచ్చారు. ఒక్కో కుర్చీలో ఇద్దరు, మిగతావాళ్లు పుస్తకాల బీరువాల మధ్య నేల మీద. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. చదువుతున్నారు. పేజీ తిప్పిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దానికి గార్డులే తలుపు దగ్గర ఇబ్బందిగా కదిలారు.

నేను పదకొండు రిజిస్టర్లూ కౌంటరు మీదికి తీశాను. మోహిత్ వచ్చాడు. ఒక రిజిస్టరు తెరిచాడు. తన సంతకమే కనిపించింది, రెండేళ్ల కిందటిది. ముఖం ఎర్రబడింది. ఫోను తీసి ఒక్కో పేజీ ఫొటో తీయడం మొదలుపెట్టాడు. మరో ఆరుగురు వచ్చి తలో పుస్తకం అందుకున్నారు.

పది కాకముందే ట్రక్కు వచ్చింది. వెనకే పోలీసు జీపు. గౌరీశంకర్ స్వయంగా దిగాడు. తెల్లచొక్కా, చేతిలో రెండు ఫోన్లు. రిజిస్ట్రారు, ఎస్సై ఆయన పక్కన.

"లేవండి అందరూ!" అన్నాడు రిజిస్ట్రారు.

ఎవరూ తలెత్తలేదు.

గౌరీశంకర్ కూలీల వైపు తిరిగాడు. "బల్లలెత్తండ్రా. పిల్లలు ఆళ్లే దిగుతారు."

ఎనిమిది మందీ తలుపు దగ్గరే నిలబడ్డారు. వరహాలు బంగార్రాజుని చూశాడు. బంగార్రాజు మెల్లగా నడిచి హేమ కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆ అమ్మాయి పుస్తకం అట్ట మీద వేళ్లు బిగించింది. తండ్రి రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు. 

అతను బల్లని ఎత్తలేదు. దాని పక్కనే నిలబడిపోయాడు.

"ఎత్తరా!"

"ఎత్తను బాబూ."

గౌరీశంకర్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు మెత్తబడింది. "బంగార్రాజూ, మనం మనం ఒక్క పక్కోళ్లం. పరాయి ఊళ్లో నీకు పని సూపించింది ఎవురు? మనోళ్ల పరువు ఈళ్ల ముందు తీత్తావా?"

"ఒక్క పక్కోళ్లమే బాబూ," అన్నాడు బంగార్రాజు. "అప్పలసూరిది ఏ పక్క?"

గౌరీశంకర్ చెయ్యి తీసేశాడు.

"ఆడి కాలు మీద మీ బీరువా పడితే ఆడెవుడో తెల్దన్నారు. పట్టీలో పేరు నేదన్నారు. నా పేరూ నేదు గదా? వరహాలు పేరూ నేదు. పేరు నేనోడికి నువ్వు పని సెప్పడమేటి? నీ మాట నాను ఇనడమేటి?"

 బంగార్రాజు తువ్వాలు తలకి చుట్టుకుని బయటికి నడిచాడు. ఏడుగురూ వెనకే వెళ్లారు. వెళ్లిపోతున్నారనుకున్నాం. కిటికీలోంచి చూస్తే సైకిల్ స్టాండు వైపు తిరిగారు. ఎండకి కాలిపోతున్న బల్ల ఒకటి ఎత్తారు. తిరిగి మెట్లెక్కారు. తలుపులోంచి లోపలికి తెచ్చి, నిన్నటి జాగాలో దింపారు.

హాలు లేచి నిలబడింది. మూడొందల గొంతులు ఒక్కసారి. అబ్బాయిలూ అమ్మాయిలూ బయటికి పరిగెత్తారు. ఒక్కో బల్లకి నలుగురు, ఒక కూలీ, ముగ్గురు విద్యార్థులు. "కోణం తిప్పు, కోణం తిప్పు! తలుపు తగుల్తది," అని వరహాలు అరుస్తున్నాడు. నిన్న రాత్రి 'మనకేటి' అన్నది ఆ మనిషే.

రిజిస్ట్రారు కౌంటరు దగ్గరికొచ్చాడు. "ఆ పుస్తకాలు ఇటివ్వు."

నేను ఒకటి చంకలో పెట్టుకుని కుర్చీ ఎక్కాను.   కిందటి వారం సోమవారం నాటి పేజీలు తెరిచి చదివాను.

"బలరామ్ ముర్ము."

"హాజిర్!"

"శ్వేతా కుమారి."

"హాజిర్!"

"హేమ."

"హాజిర్!"

ఆ ఒక్క రోజువే మూడొందల పన్నెండు సంతకాలున్నాయి ఆ పేజీల్లో. ముప్పై లోపలని రిపోర్టు. నేను చదువుతున్నాను, వాళ్లు జవాబు చెబుతున్నారు. అరవయ్యో పేరు దగ్గర రిజిస్ట్రారు నా చెయ్యి పట్టి లాగబోయాడు. ఊడ్చే సూరమ్మ చీపురుతో సహా మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది. "ఆడకూతురి మీద సెయ్యెయ్యకు సారూ," అంది. ఏడేళ్లలో ఆమె ఆయనతో మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

అప్పుడు ఎస్సై విజిల్ వేశాడు. లాఠీలు లోపలికొచ్చాయి. బలరామ్ చేతులు చాపి నేల మీద కూర్చున్న అమ్మాయిలకి అడ్డం నిలబడ్డాడు. మొదటి దెబ్బ అతని భుజం మీద పడింది. "ఎవడు లీడరు?" అని ఎస్సై అడిగాడు. గౌరీశంకర్ వేలు చూపించాడు. బంగార్రాజు. బలరామ్. హేమ. ముగ్గురినీ జీపెక్కించారు. నా చేతిలోని రిజిస్టరుతో పాటు మిగతా పదీ లాక్కుపోయారు. "నీకు ఈ రోజుతో సరి," అన్నాడు రిజిస్ట్రారు నాతో. ఏడేళ్ల ఉద్యోగం ఆ ఒక్క మాటతో పోయింది.

రిజిస్టర్లు పోయినా పేజీలు పోలేదు. మోహిత్ ఫోనులో, మరో ఆరు ఫోన్లలో, మధ్యాహ్నానికి ఊరంతటి ఫోన్లలో ఉన్నాయి.

*

జీపు వెళ్లిపోయాక కూడా హాలు మేం వదల్లేదు. సగం మంది బల్లల దగ్గర కూర్చున్నారు, సగం మంది ఠాణాకి నడిచాం. కూలీలు ఏడుగురూ మాతోనే. వార్త తెలిసి జోగమ్మ మాంగో నుంచి వచ్చేసింది. ఠాణా గేటు ముందు తారు మెత్తబడే ఎండ. దాని మీదే కూర్చున్నాం. పిల్లలు పుస్తకాలు తెరిచారు. పరీక్ష ఎల్లుండే.

నాలుగింటికి ఎస్సై గేటు దగ్గరికొచ్చాడు. పైనుంచి ఫోనొచ్చినట్టుంది. "స్టూడెంటు కదా, పరీక్షలున్నాయి కదా అని ఆ పిల్లని వదిలేస్తున్నాం. తీసుకుపోండి. మిగతా ఇద్దరి మీద కేసు రాశాం. గుంపు చెదిరిపోవాలి."

హేమని గేటు దాకా తెచ్చారు. ముంజేతి మీద కమిలిన గుర్తు. చెమటకి జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. గేటు సగం తెరిచారు.

"మా నాన్న?" అంది. "బలరామ్ దాదా?"

"వాళ్ల సంగతి కోర్టులో."

"ఎల్లిపో తల్లీ!" లోపలి నుంచి బంగార్రాజు గొంతు వినిపించింది. "నా గురించి సూడకు. ఎల్లి సదువుకో!"

హేమ అక్కడే నిలబడింది. మమ్మల్నందరినీ చూసింది. తర్వాత ఎస్సైతో, తొణక్కుండా, హిందీలో అంది: "ముగ్గురం కలిసి చేశాం. కూలీ తప్పు, ఆదివాసీ తప్పు, నాది కాదని మీరే రాస్తే సరిపోతుందా? వదిలితే ముగ్గురినీ వదలండి."

వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

ఎస్సై జోగమ్మ మీద విరుచుకుపడ్డాడు. "తల్లివి కదా, చెప్పు! ఏడాది పోతుంది దానికి!"

జోగమ్మ లేచింది.  ఏడుస్తుందనుకున్నాను. ఆమె శ్వేత దగ్గర నోట్సు పుస్తకం అడిగి తీసుకుంది. గేటు కమ్మీల మధ్య నుంచి లోపలికి చాపింది.

"ఇది దానికియ్యి బాబూ," అంది. "ఎల్లుండి పరీచ్చ. మీ కాడ లైటుంటాది గదా. అక్కడే సదువుద్ది."

 ఎస్సై కానిస్టేబులుకి సైగ చేశాడు. కానిస్టేబులు తీసుకున్నాడు.

జోగమ్మ వచ్చి మా మధ్యలో కూర్చుంది. తలెత్తి చూస్తే సూరమ్మ వస్తోంది, వెంట యూనివర్సిటీ ఊడ్చే ఆడవాళ్లు పద్నాలుగు మంది. చీపుర్లు అక్కడే పడేసి వచ్చామన్నారు. అయిదు దాటాక రోడ్డు మీద సైకిళ్లు కనిపించాయి. ప్లాంట్ల దగ్గర కాంట్రాక్టు పని చేసి షిఫ్టు దిగినవాళ్లు, హెల్మెట్లు హ్యాండిల్‌కి తగిలించుకుని. తెలుగువాళ్లు, బిహారీలు, ఒడియావాళ్లు, సంతాలీలు. ఇంటికెళ్లే దారి అదే వాళ్లకి. గుంపు చూసి ఒకడు కాలు నేలకి ఆనించి ఆగాడు.

"ఏటయింది?" అని అడిగాడు వరహాలుని.

వరహాలు చెప్పడం మొదలుపెట్టాడు. బల్లల దగ్గర నుంచి కాదు, అప్పలసూరి కాలు దగ్గర నుంచి. వింటున్నవాడు సగంలోనే సైకిలు స్టాండు వేశాడు. "మా పట్టీలోనూ పేర్లు లేవు," అన్నాడు. వెనకున్నవాణ్ణి పిలిచాడు. వాడు ఇంకొకణ్ణి పిలిచాడు.

చీకటి పడకముందే రోడ్డుకి ఒక పక్క సైకిళ్లతో నిండిపోయింది. కూర్చునేవాళ్లకి జాగా చాలక మేం ముందుకి జరిగాం, గేటు దాకా.